కూర్చునే పని

రాజయ్య ఊళ్లో జున్ను అంటే బర్రె ఈనిన మూడు నాలుగు రోజులు ఇంటింటికీ గిన్నెలో పంచేది. ఇక్కడ జున్ను అంటే ముప్పై నాలుగు కిలోల గోల్డెన్ రిట్రీవర్ కుక్క. రంగు కలిసిందని ఉదయశ్రీ దానికి ఆ పేరు పెట్టుకుంది. ఆమెది కాకినాడ. రాయదుర్గంలో పెద్ద కంపెనీలో పని, కొత్తగూడలో పదకొండో అంతస్తులో ఫ్లాటు, ఇంట్లో ఆమె, జున్ను. రాజయ్య ఆమె కారు డ్రైవరు. పనిలో పెట్టుకున్నప్పుడు డ్రైవరనే పెట్టుకుంది మరి. తర్వాత ఏమయ్యాడో చెప్పుకోవడానికి రాజయ్యకే నోరు రాదు.

కరోనా రోజుల్లో తెచ్చుకున్న కుక్క అది. ఇంటి నుంచే పని చేసే ఉదయశ్రీ ఇరవై నాలుగు గంటలూ కళ్లెదుటే ఉండటం దానికి అలవాటైపోయింది. తీరా కొన్నేళ్లకు కంపెనీ వాళ్లు ఇక చాల్లెండి, వారానికి రెండు రోజులైనా మొహాలు చూపించండి అన్నారు. మంగళ, గురువారాలు. ఆ రెండు రోజులూ జున్ను తలుపు దగ్గర చేరి బిల్డింగంతా వినేలా ఏడ్చేది. కింది ఫ్లాటు రామ్మోహనరావు గారు రిటైరైన ప్రభుత్వోద్యోగి, అర్జీలు రాయడంలో చెయ్యి తిరిగినవాడు. అసోసియేషన్‌కు కాగితం మీద కాగితం పెట్టాడు. కుక్కల డాక్టరేమో దీనికి జబ్బేమీ లేదు, నలుగురి మధ్య తిరగాలి అన్నాడు. మనుషులకు చెప్పాల్సిన మాట, కుక్కకు చెప్పాడు. అలా మొదలయ్యాయి కుక్కలను కూడా రానిచ్చే కేఫులు. శని, ఆదివారాలు ఉదయశ్రీ తీసుకెళుతుంది. మంగళ, గురువారాలు ఆమెను ఆఫీసు దగ్గర దింపి వచ్చి, మధ్యాహ్నం రెండింటికి రాజయ్య తీసుకెళ్లాలి.

కేఫులోకి కుక్కను ఒక్కదాన్నే రానివ్వరు. గుమ్మం దగ్గర పుస్తకంలో రాయాలి. ఒక గడిలో కుక్క పేరు, పక్క గడిలో ‘పెట్ పేరెంట్’ పేరు. అంటే ఆ కుక్కకు తల్లో తండ్రో అన్నమాట. రాజయ్య ఊళ్లో ఎవణ్నయినా కుక్క కొడకా అంటే తలకాయలు పగులుతాయి. ఇక్కడ కుక్కకు తండ్రినని సంతకం పెడితే మర్యాదగా లోపలికి పిలిచి, కుర్చీ లాగి, కాఫీ పోస్తున్నారు. లోకం చల్లగా ఉండాలి.

ఈ సంగతి రాజయ్య ఇంట్లో చెప్పలేదు. బోరబండలో వాళ్లుండే గల్లీ ఇరుకు, నోళ్లు మాత్రం వెడల్పు. ఒక్కసారి బయటపడిందంటే కాటికి పోయేదాకా ‘కుక్కల రాజయ్య’ అనే పిలుస్తారు. మధ్యాహ్నం ఏం చేస్తవని భార్య పోచమ్మ అడిగితే, కార్ల కూసుంట, అంటాడు. కూర్చోవడం మటుకు నిజమే.

కూర్చోవడమంటే రాజయ్యకు చిన్న విషయం కాదు. జనగామ దగ్గరి పల్లె నుంచి వచ్చాక పద్నాలుగేళ్లు రాయదుర్గంలో ఒక అద్దాల టవరు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా నిలబడ్డాడు. పన్నెండు గంటల డ్యూటీ. గార్డుకు స్టూలు ఇస్తే నిద్రపోతాడని ఎవరో ఏనాడో కనిపెట్టారు, అప్పట్నుంచి ఎవరికీ స్టూలు లేదు. కూర్చుని తింటే కొండలు కరుగుతాయంటారు గానీ, నిలబడి తింటే కాళ్లు కరుగుతాయని ఏ పెద్దమనిషీ చెప్పలేదు. రాజయ్య పిక్కల మీద నరాలు వానపాముల్లా లేచాయి. గాంధీ దవాఖానలో డాక్టరమ్మ వాటిని వేలితో నొక్కి చూసి, కూర్చునే పని చూసుకో పెద్దాయనా అంది. యాభై ఏళ్ల వయసులో డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచి ఇంట్లో ఒకటే మాట, తనతోనే ఈ నిలబడుడు ఆగిపోవాలని.

అతనికి ఉన్నది ఒక్కతే బిడ్డ, రజిత. బీకాం చదివించాడు. చదివేటప్పుడు ఆ పిల్ల నిలబడి పుస్తకం పట్టుకున్నా ఊరుకునేవాడు కాదు, కూసోని చదువు బిడ్డా అనేవాడు. రెండు నెలల కింద రజితకు ఉద్యోగం దొరికింది. మాదాపూర్ వైపు ఒక కేఫులో బిల్లింగ్ కౌంటర్ అని చెప్పింది. ఏసీ ఉంటుందంది. రాజయ్య ఏసీ సంగతి పట్టించుకోలేదు.

“కుర్చీ ఉంటదా?” అని అడిగాడు.

“ఉంటది నాయినా, తిరిగే కుర్చీ,” అంది రజిత.

తిరిగే కుర్చీ! గల్లీ మొత్తానికి చెప్పాడు. ఊరికి ఫోను చేసి తమ్ముడు స్వామికి చెప్పాడు. ఆ తర్వాత పోచమ్మ రెండు మూడుసార్లు అంది, పిల్ల రాత్రిళ్లు కాళ్లు గోడకు పెట్టి పండుకుంటున్నదేందయ్యా అని. కొత్త చెప్పులు కరిచినయమ్మా అంది రజిత. కరిచి ఉంటాయి అనుకున్నాడు రాజయ్య. నమ్మాలని కూర్చున్నవాడికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆ మంగళవారం ఎండ పెటపెటలాడుతోంది. ఎప్పుడూ వెళ్లే గచ్చిబౌలి కేఫు మూతపడిందని, హైటెక్ సిటీ స్టేషను దగ్గర కొత్తదానికి చందా కట్టానని పొద్దున కారులో ఉదయశ్రీ చెప్పింది. చెవిలో మీటింగు నడుస్తుండగానే చెప్పింది. ఆ మధ్య ఆమెకూ నిద్ర లేదు, కళ్ల కింద నల్లగా దిగిపోయింది. “రెండింటి నుంచి నాలుగింటి దాకా రాజయ్యా. దానికి ఉప్పు లేని చికెన్ అన్నం, మీకు కాఫీ. అన్నీ అందులోనే, మీరేం ఇవ్వక్కర్లేదు,” అంది. మళ్లీ వెంటనే ఎవరికో ఇంగ్లీషులో సారీ చెప్పింది.

రెండింటికి రాజయ్య పట్టీ చేతికి చుట్టుకుని జున్నును దింపాడు. అతను దాన్ని తీసుకెళ్లాడనడం కంటే అదే అతన్ని ఈడ్చుకెళ్లిందనడం న్యాయం. గుమ్మం దగ్గర గార్డు నిలబడి ఉన్నాడు, తన వయసువాడే. రాజయ్య కళ్లు అలవాటుగా అతని బూట్ల మీదికి పోయాయి. లేసులు వదులుగా కట్టుకున్నాడు, పాదాలు వాచి ఉంటాయి. పాపం అనుకుని, పుస్తకంలో పేరు రాసి, తలుపు తోశాడు.

లోపల చల్లగా, చీకటిచీకటిగా ఉంది. నాలుగైదు బల్లల దగ్గర మనుషులు ల్యాప్‌టాప్‌లు పెట్టుకున్నారు, వాళ్ల కాళ్ల దగ్గర కుక్కలు పడుకున్నాయి. గోడవారగా నల్ల ఏప్రన్ కట్టుకుని, చేతిలో ట్రే పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. బరువు ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. ఆ మార్చుకోవడం రాజయ్యకు తెలుసు. పద్నాలుగేళ్లు చేసిన పని. మొహం ఆ తర్వాత చూశాడు.

రజిత.

ఆ పిల్లా చూసింది. ట్రే పొట్టకు హత్తుకుంది. రాజయ్య పట్టీని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. ఆమె రెండడుగులు ముందుకొచ్చి, ఎవరో నేర్పిన నవ్వు మొహాన పెట్టుకుని, “వెల్కమ్ సార్. ఇటు కూర్చోండి,” అంది.

కన్నబిడ్డ నోట సార్ అనిపించుకున్న రాజయ్య వెళ్లి చూపించిన చోట కూర్చున్నాడు. ఏం చేయగలడు? లేచి అడిగితే నలుగురి ముందు పిల్ల పరువు పోతుంది. అడగకపోతే తన గుండె ఊరుకోదు.

మనుషులు దాచుకున్నది కుక్క దాచదు గదా. జున్నుకు రాజయ్య చొక్కా వాసన తెలుసు, ఆ ఇంటి సబ్బు, ఆ ఇంటి కొబ్బరినూనె, ఆ ఇంటి పోపు వాసన తెలుసు. అదే వాసన ఈ పిల్ల దగ్గరా వచ్చేసరికి దానికి పట్టరాని ఆనందమైపోయింది. తోక ఊపిన ఊపుకు బల్ల మీది చెంచాలు కింద పడ్డాయి. రజిత ఎటు వెళితే అటే గుంజుతుంది, ఆగితే మీదికి ఎక్కుతుంది, చేతులు నాకుతుంది. కౌంటరు దగ్గర నుంచి మేనేజరు శ్యామ్ ఇది చూసి నవ్వుతూ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, భీమవరం వైపు మాట. పొద్దుటి నుంచీ నవ్వీ నవ్వీ బుగ్గలు నొప్పెట్టినవాడిలా ఉన్నాడు.

“మీవాడికి మా రజిత బాగా తెలిసినట్టుందేంటండి? మీరూ మీరూ చుట్టాలా ఏంటండి?” అన్నాడు.

రాజయ్య అవుననబోయాడు. శ్యామ్ వెనకనుంచి రజిత తల అడ్డంగా ఊపింది. కొంచెమే ఊపింది, ఈగను తోలినట్టు.

“లేద్సార్. ఇప్పుడే చూస్తున్న,” అంది ఆమే.

ఆ మాట రాజయ్యకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పుట్టినప్పుడు ఈ పిల్లను మొదట ఎత్తుకున్నది తనే. పోచమ్మకు ఒళ్లు తెలియకుండా ఉంటే దవాఖాన వరండాలో తెల్లార్లూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడే చూస్తున్నదట.

శ్యామ్ అటు తిరిగాడో లేదో, జున్ను ఆనందం మరీ ఎక్కువై నేల మీద పోసేసింది. ఆ జాతి కుక్కల్లో కొన్నింటికి అంతే, సంతోషమొస్తే ఆగదు. తెల్లటి టైల్స్ మీద మడుగు పారి రాజయ్య కుర్చీ కిందికి వచ్చింది. రజిత పరుగున వెళ్లి గుడ్డ తెచ్చి మోకాళ్ల మీద కూర్చుంది.

ఇక్కడే రాజయ్య తప్పు చేశాడు. వాళ్లూ వీళ్లూ చేసే తప్పు కాదది. పుట్టినప్పటి నుంచీ కింద పడిందాన్ని తనే ఎత్తడం, చిందిందాన్ని తనే తుడవడం అలవాటైన మనిషి చేసే తప్పు. ఫ్లాటులో జున్ను తడిపిన నేల రోజూ తుడిచేది అతనే. అతని చెయ్యి అతన్ని అడగలేదు. కుర్చీలోంచి దిగి, కూతురి చేతిలో గుడ్డ లాక్కుని, “నువ్వు లే బిడ్డా, నేను జేస్త,” అని తుడవడం మొదలుపెట్టాడు.

“వద్దు... వద్దు సార్, లేవండి,” అని రజిత గుసగుసగా బతిమాలింది. అతను వినలేదు. పక్క బల్ల దగ్గర బూడిద రంగు కుక్కను ఒళ్లో పెట్టుకున్న ఒకామె ల్యాప్‌టాప్ మూసి ఇటే చూసింది. ఇంకొకతను ఫోను పైకెత్తాడు. శ్యామ్ పరుగెత్తుకొచ్చాడు.

“అయ్యో సార్, సార్! మీరెందుకండి! లేవండి, ప్లీజ్ లేవండి!” అని రాజయ్యను జబ్బ పట్టుకుని లేపాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి రజిత వైపు తిరిగాడు. “ఏంటమ్మా ఇది? గెస్టు చేత నేల తుడిపిస్తున్నావా? మొన్న గోడకి ఆనుకుని నిలబడ్డావని ఓనరుగారు ఇంట్లోంచి కెమెరాలో చూసి నన్ను తిట్టారు. ఇవాళ ఇది. ఇప్పుడు ఆయనకి నేనేం చెప్పాలి? ఇంకో నెలలో నిన్ను పర్మనెంటు చేయమని ఏ మొహం పెట్టుకుని అడగాలి?”

“సారీ సార్,” అంది రజిత.

గోడకు ఆనుకున్నందుకు. రాజయ్యకు మిగతా మాటలేవీ వినపడలేదు.

“ఆ పిల్ల తప్పేం లేదు సారూ. నేనే గుంజుకున్న,” అన్నాడు.

“మీరు మంచివారండి, అలాగే అంటారు. కానీ చూసేవాళ్లకి బాగోదు కదండీ,” అన్నాడు శ్యామ్. అతను దుర్మార్గుడేమీ కాదు, అతని పైన కూడా ఒక కెమెరా ఉంది, అంతే. “మీరు దయచేసి కూర్చోండి సార్. మీరు కూర్చుని, తను తుడిస్తే, అంతా మామూలుగా ఉన్నట్టుంటుంది. నేను కూడా గెస్టుకి ఏ కంప్లయింటూ లేదని చెప్పేస్తాను. మీరిలా నిలబడితేనే తనకి ఇబ్బంది.”

రాజయ్య కూతురి వంక చూశాడు. కూసో నాయినా, అని ఆమె కళ్లు చెప్పాయి. అందులో కోపం లేదు, సిగ్గు కూడా లేదు. అలసట మాత్రమే ఉంది, ఇక గొడవ వద్దు, తొందరగా అయిపోనీ అన్నట్టు.

కూర్చున్నాడు.

రజిత బకెట్లో మందు కలిపిన నీళ్లు తెచ్చింది. అతని కుర్చీ చుట్టూ మోకాళ్ల మీద పాకుతూ తుడిచింది. రాజయ్య జున్ను మెడపట్టీ గట్టిగా పట్టుకుని, ఎక్కడ చూడాలో తెలియక ఆ పిల్ల పాపిట చూస్తూ కూర్చున్నాడు. పొద్దున పోచమ్మ నూనె రాసి దువ్విన తల. చీలమండల దగ్గర సాక్సు అంచు లోతుగా అచ్చుపడి ఉంది. కాళ్లు వాస్తేనే అలా పడుతుంది. ఇరవై రెండేళ్లు.

“కొంచెం కాళ్లు లేపండి సార్,” అంది.

లేపాడు. చిన్నప్పుడు ఇదే పిల్ల, అతను డ్యూటీ నుంచి రాగానే ఆ కాళ్లకు ఆముదం రాసేది. నరాల మీద వేలు పెట్టి, ఇది గోదావరి నాయినా, ఇది కృష్ణ, అని పేర్లు పెట్టేది. ఆ కాళ్లు ఇప్పుడు గాలిలో ఉన్నాయి, వాటి కింద ఆమె తల ఉంది. ఆ పిల్ల తుడుస్తున్నంతసేపూ రాజయ్య వాటిని దించలేదు. ఏడుపొచ్చింది. కేఫులో ఏడిస్తే అది కూడా ఆమె ఖాతాలోనే పడుతుందని మింగేశాడు.

నాలుగింటి దాకా ఇంకా గంటన్నర ఉంది. లేచి వెళ్లిపోదామంటే గెస్టు నొచ్చుకుని వెళ్లిపోయాడని ఆమెనే అంటారు. జున్నుకు చికెన్ అన్నం వచ్చింది, తిని అతని పాదాల మీద తల పెట్టుకుని నిద్రపోయింది. రాజయ్యకు కాఫీ వచ్చింది, రజితే తెచ్చి పెట్టింది. చేదుగా ఉంది, చక్కెర అడగలేదు. అడిగితే మళ్లీ అటు వెళ్లి తేవాలి. ఆ గంటన్నరలో ఆమె ఎన్నిసార్లు నడిచిందో, ఎన్నిసార్లు వంగిందో అన్నీ చూశాడు. కౌంటరు వెనక ఒక తిరిగే కుర్చీ ఉన్న మాట నిజమే. దాని మీద శ్యామ్ కూడా కూర్చోలేదు. గెస్టులున్నంతసేపు ఎవరూ కూర్చోకూడదని ఆ చోటు నియమం కాబోలు. ఆ హాల్లో మనుషులూ కుక్కలూ కలిసి ఇరవై ప్రాణాలు ఉంటే, నిలబడి ఉన్నవి ముగ్గురు పనివాళ్లవి మాత్రమే. పద్నాలుగేళ్లు తాను గేటు బయట ఉండి చూసిన లోపల ఇదన్నమాట. లోపలికి రాగలిగాడు గానీ కూతురిని కూర్చోబెట్టలేకపోయాడు.

వెళ్లేటప్పుడు శ్యామ్ ట్యాబ్ చాచి నక్షత్రాలు నొక్కమన్నాడు. రాజయ్య అయిదూ నొక్కాడు. చాలకపోతే ఇంకా నొక్కుతానన్నట్టు చూశాడు.

ఆరింటికి ఉదయశ్రీని ఆఫీసు నుంచి తీసుకొచ్చి ఫ్లాటు దగ్గర దింపాడు. “జున్ను ఎంజాయ్ చేసిందా రాజయ్యా?” అని అడిగింది లిఫ్టు దగ్గర.

“చేసిందమ్మా. మస్తు ఖుషీగున్నది.”

“అదృష్టం. నాకూ ఓ రోజు అలా వెళ్లి ఏ పనీ లేకుండా రెండు గంటలు కూర్చోవాలని ఉంది,” అంది ఉదయశ్రీ కళ్లు నలుపుకుంటూ. ఆమె మీద రాజయ్యకు కోపం రాలేదు. రావాల్సింది ఎవరి మీదో తెలిస్తే గదా వచ్చేది. గురువారం మళ్లీ అక్కడికే వెళ్లాలని గుర్తొచ్చి, తాళాలు ఇచ్చేసి నడవడం మొదలుపెట్టాడు.

హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ స్టేషను ప్లాట్‌ఫారం మీద జనం కిక్కిరిసి ఉన్నారు. రోజూ వేర్వేరు వేళల్లో ఇల్లు చేరే తండ్రీ కూతుళ్లు ఆ రోజు ఒకే స్తంభం దగ్గర కలిశారు. రజిత అతనికోసమే రెండు బండ్లు వదిలేసింది. బెంచీ మీద చోటు లేదు. ఇద్దరూ పట్టాల వైపు చూస్తూ నిలబడ్డారు.

“తెలిసినోళ్లకు ఫ్రీగ ఇచ్చిందని పోయిన నెల ఒకామెను తీసేసిన్రు నాయినా. అందుకే అట్లన్న. గుస్స జేయకు,” అంది రజిత చివరికి.

“గుస్స ఏంది బిడ్డా.” అన్నాడు రాజయ్య. “కుర్చీ ఉంటదన్నవు గదా.”

“ఉంది గదా. జూసినవు గదా.” నవ్వబోయింది, సగంలో ఆగిపోయింది. “మనం కూసునేది గాదది.”

“పొద్దుగాల్నుంచి ఎన్ని గంటలు?”

“పది. తినేటప్పుడు ఇరవై నిమిషాలు వెనక మెట్ల మీద కూసోనిస్తరు.”

“మీ అమ్మకు చెప్పకపోయినవా?”

“నువ్వు చెప్పినవా, కుక్కను దీస్కపోతున్న అని?”

రాజయ్య తేలు కుట్టిన దొంగలా దగ్గాడు. రజిత అతని మొహం చూసి ఈసారి నిజంగానే నవ్వింది. “పెట్ పేరెంట్, ఎం. రాజయ్య. బుక్కుల జూసిన. నీ రాత గుండ్రంగ మంచిగుంది నాయినా,” అంది. అతనికీ నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎటో చూస్తూ తుడుచుకున్నాడు.

“ఇడిసిపెట్టు ఆ పని,” అన్నాడు.

“ఇడిసిపెట్టి ఏడికి పోవాలె? ఇది దొరికేదాక రెండు నెలలు తిరిగిన, అన్ని నిలవడే పనులే ఉన్నయి నాయినా. ఇంకో దుకాన్ల అయితె ఏసీ గూడ లేదు.”

ఆ మాటకు ఎదురు చెప్పడానికి రాజయ్య చాలా వెతికాడు. కొడుకులకూ కూతుళ్లకూ తండ్రులు చెప్పే ధైర్యాలన్నీ అతనికీ వచ్చు. కానీ ఆ మధ్యాహ్నం కాళ్లు పైకెత్తుకుని కూర్చున్నవాడు ఏ మొహంతో చెప్తాడు? సంచీలోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చాడు. ఆమె తాగింది.

సికింద్రాబాద్ బండి వచ్చింది. దిగేవాళ్లు దిగుతుండగానే ఎక్కేవాళ్లు ఎక్కారు. తలుపు పక్కన ఒకాయన లేచాడు, అతని చోటు ఖాళీ అయింది. దాని మీదికి ముగ్గురు వంగారు. జీవితంలో ఎవరినీ తోసుకుని ముందుకు పోని రాజయ్య భుజం అడ్డం పెట్టి, “కూసో బిడ్డా, కూసో,” అని కూతురిని ఆ సీటులోకి నెట్టాడు. వెనక ఎవరో విసుక్కున్నారు. విసుక్కోనీ.

“ఒక్క స్టేషనే గదా నాయినా, నువ్వు కూసో,” అంది రజిత.

“నేను పొద్దుగాల్నుంచి కూసునే ఉన్న.”

బండి కదిలింది. రాజయ్య పై కమ్మీ పట్టుకుని ఆమె ముందు నిలబడ్డాడు, జనం ఆమె మీదికి వాలకుండా. ఒక నిమిషం గడిచిందో లేదో రజిత తల కిటికీ ఊచలకు వాలింది, నోరు కొద్దిగా తెరుచుకుంది, ఒళ్లోని సంచీ మీద చేతులు జారిపోయాయి. చిన్నపిల్లలు పడేంత నిద్ర.

బోరబండ వచ్చింది. జనం సగం దిగారు. రాజయ్య ఆమె భుజం మీదికి చెయ్యి తీసుకెళ్లి, ఆపి, వెనక్కి తీసుకున్నాడు.

“బోరబండ, బోరబండ. దిగరా పెద్దాయనా?” అన్నాడు పక్కనున్న అబ్బాయి. ఎక్కేటప్పుడు వీళ్ల మాటలు విన్నట్టున్నాడు.

రాజయ్య నోటి మీద వేలు పెట్టుకున్నాడు.

టికెట్లు బోరబండ వరకే తీశాడు. చెకింగ్ వాళ్లు వస్తే రానీ. సికింద్రాబాద్ దాకా ఆగి ఆగి పోతుంది ఈ బండి, తక్కువలో తక్కువ అరగంట. మళ్లీ తిరుగు బండిలో సీటు దొరికితే ఇంకో అరగంట. కాళ్లు తోడేస్తున్నాయి. ఎదురుగా ఒక సీటు ఖాళీ అయింది, దాని మీదికి వెళితే ఈ పిల్ల మీదికి జనం వాలతారని వెళ్లలేదు.

భరత్‌నగర్ దాటాక జేబులో ఫోను మోగింది. మోతకు ఎక్కడ లేస్తుందోనని గబగబా ఎత్తి, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పోచమ్మ.

“ఏడున్నవయ్యా? పిల్ల గూడ ఇంకా రాలే. అన్నం సల్లారిపోతున్నది.”

“పిల్ల నా దగ్గర్నే ఉన్నది. బండ్ల ఉన్నం. జర లేటైతది,” అన్నాడు మెల్లగా.

“గంత మెల్లగ మాట్లాడుతున్నవేంది? రష్షున్నదా? సీటన్న దొరికిందా?”

రాజయ్య కిందికి చూశాడు. బండి కుదుపుకు రజిత తల ఊచల మీద నుంచి జారి అతని నడుముకు ఆనుకుంది. ఆనుకున్నందుకు ఇక్కడ ఎవరూ ఏమీ అనరు.

“దొరికింది,” అని చెప్పి ఫోను పెట్టేశాడు.